ఏడు గంటల బస్సులో కండలు ఉచితం

బోడుప్పల్ నుంచి నాచారం ఫ్యాక్టరీలకు పొద్దున ఏడింటికి ఒక్కటే బస్సు ఉండటం మన అదృష్టం. రెండో బస్సు వేయాలంటూ సంతకాలు సేకరిస్తున్న పెద్దలారా, ఆ కాగితాలు చింపెయ్యండి. మీరు అడుగుతున్నది బస్సు కాదు, జాతికి పక్షవాతం!

నమ్మరా? అయితే కనకరాజు సంగతి వినండి.

కనకరాజు నాచారంలో ఓ మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనివాడు. పదకొండేళ్లుగా అతని ఒక కాలు ఫుట్‌బోర్డు మీద, రెండోది గాలిలో. ఉప్పల్ చౌరస్తాలో బస్సు మలుపు తిరిగితే నడుముకు వ్యాయామం. గుంటలో దిగితే వెన్నుకు. పక్కనుంచి లారీ రాసుకుపోతే ఊపిరి బిగపట్టడం, అంటే ప్రాణాయామం! ఏ జిమ్ము నేర్పుతుందండీ ఇన్ని?

అలాంటివాణ్ని టీవీ వదులుతుందా? ‘ఉక్కుపట్టు’ పోటీకి పిలిచింది. గెలిస్తే మోటార్ సైకిల్.

అది కనకరాజుకు చాలా అవసరం. ఆ నెలలో అప్పటికే రెండుసార్లు బస్సు ఎక్కలేక ఆలస్యమయ్యాడు. మూడోసారైతే గేటు బయటి నుంచే వెళ్లిపొమ్మన్నాడు సూపర్‌వైజర్. భార్య తారామణి బాధ వేరు.

“నువ్వు ఫోన్ జేసి చేరిన అనేదాంక నాకు చాయ్ గూడ దిగుతలేదు. జర ఆ బండి తీస్కరా,” అంది.

స్టూడియోలో ఓ ఇనుప చట్రం. దానికి జానెడు వెడల్పు మెట్టు, పైన కడ్డీ. మెట్టు మీద నిలబడి కడ్డీ పట్టుకోవాలి. చట్రం ఊగుతుంది, ఎగురుతుంది, గిర్రున తిరుగుతుంది. చివరిదాకా నిలిచినవాడే విజేత. పక్కవాణ్ని ముట్టుకుంటే మాత్రం అవుట్.

ఎనిమిది మంది ఎక్కారు. కనకరాజు కుడిచేత్తో కడ్డీ పట్టుకుని, అటూ ఇటూ చూసి, “ఖాళీగనే ఉంది గదా,” అన్నాడు.

యాంకర్ ధనశ్రీ ఆశ్చర్యపోయింది. “రెండు చేతులతో పట్టుకోవచ్చండీ.”

“వద్దు మేడం. ఎడమచేతిల టిఫిన్ డబ్బ అలవాటు.”

చట్రం కదిలింది. రెండు నిమిషాల్లో నలుగురు కండల వీరులు రాలిపోయారు. ఆరో నిమిషానికి ఇద్దరే మిగిలారు. కనకరాజు, ఉప్పల్ జిమ్ము కోచ్ రాఘవేంద్ర. కోచ్‌గారి మొహం ఎర్రబడింది. కనకరాజు ఆవులించాడు. మోటార్ సైకిల్ మీద కప్పిన ఎర్రగుడ్డ తీయడానికి ఓ కుర్రాడు కూడా సిద్ధమయ్యాడు.

అప్పుడు చట్రం ఒక్క కుదుపు కుదిపింది. రాఘవేంద్ర వేళ్లు జారాయి.

కనకరాజు ఎడమచెయ్యి దానంతటదే చాచుకుంది. కోచ్ కాలర్ పట్టి మెట్టు మీదికి లాగింది. “లోపటికి రా అన్నా,” అన్నాడు కనకరాజు.

ఈల మోగింది. కనకరాజు అవుట్. బండి రాఘవేంద్రది.

ధనశ్రీ నెత్తి కొట్టుకుంది. “ఎందుకు పట్టుకున్నారండీ? ఆయన పడిపోతే బండి మీదే కదా?”

“ఎర్కే మేడం. గని ఎనుక టైరు కిందికి పోతడు గదా.”

స్టూడియో అంతా ఘొల్లున నవ్వింది. టైరు ఎక్కడుందక్కడ? ఉన్నది రెండడుగుల మందం స్పాంజి పరుపు.

“పోయినేడు మా ఫ్యాక్టరీ దయాకర్ గట్లనే పోయిండు. నా చెయ్యి అందలే,” అన్నాడు కనకరాజు.

ఈ చివరి మాట మీరు టీవీలో చూసి ఉండరు. కత్తిరించేశారు. మంచిపని! కుటుంబమంతా కూర్చుని చూసే వినోద కార్యక్రమం కదా.

మర్నాడు పొద్దున ఏడు కాకముందే కనకరాజు బోడుప్పల్ స్టాపులో ఉన్నాడు.

అందుచేత అధికారులకు మనవి. రెండో బస్సు వద్దే వద్దు. మా కండలు కరిగిపోతాయి. బోడుప్పల్ నుంచి నాచారం దాకా రోడ్డు మీద, ఆ స్టూడియోలో వేసిన పరుపు వేయించండి చాలు.