ఆగకుండా పోవలసిన కారు

కారు తనను తానే పరీక్షించుకోవడం మొదలుపెట్టిన నాడు మనిషి మాటకు విలువ అధికారికంగా రద్దయింది. (ఆ రద్దు కోనసీమకు 2008లో చేరింది. మనకు ఏదైనా గోదావరి దాటి రావాలి కదా.) అమలాపురంలో 'వాహన శ్వాస సంసిద్ధతా కేంద్రం' వెలిసింది. అధికారి భీమరాజుగారు. ఆయన పొగగొట్టం వైపు కన్నెత్తి చూడరు. స్టీరింగు కింద ఒక తీగ గుచ్చి, పొగను శుభ్రం చేసే నీ భాగాలన్నీ సరిగా ఉన్నాయో లేదో చూసుకున్నావా అని కారునే అడుగుతారు.

అమ్మిరాజు కారు చూసుకోలేదంది.

అమ్మిరాజు మస్కట్‌లో ఏళ్ళ తరబడి డ్రైవరుగా చేసి, ఇక భార్య విజయను విడిచి వెళ్ళనని ఒట్టేసి, పాత కారొకటి కొన్నాడు. తాటిపాకలో ఒక ఆఫీసుకు కారు తిప్పే పని కుదిరింది. నెలాఖరులోగా సంసిద్ధతా పత్రం చూపిస్తే ఇక్కడే ఉంటాడు. లేకపోతే మళ్ళీ మస్కట్. అక్కడికి తిరిగి వెళ్ళడానికి వీసా గడువూ దగ్గరపడుతోంది.

"లోపం ఏవిటండీ?" అన్నాడు.

"లోపం లేదండీ. లోపం లేదని కారు ఇంకా తేల్చుకోలేదండీ. బ్యాటరీ వైరు ఎవరైనా పీకేరా?"

"ఆయ్. పరీక్షకి వెళ్తున్నాం కదాని మెకానిక్కు పోలయ్య పీకి, శుభ్రంగా తుడిచి పెట్టేడండి."

"దాంతో అది అప్పటిదాకా చూసుకున్నదంతా మర్చిపోయిందండి. మళ్ళీ మొదట్నించీ రావాలి."

మొదటినుంచీ రావడమంటే ఇది. రాత్రంతా కారును కదపకూడదు. పొద్దున్నే చల్లటి ఇంజను స్టార్టు చెయ్యాలి. తర్వాత పావుగంట ఒకే వేగంతో, బ్రేకు తొక్కకుండా, ఎక్కడా ఆగకుండా పోవాలి. (ఈ నియమం రాసినవారికి మేనత్తలు లేరని నా గట్టి నమ్మకం.)

మర్నాడు కాలవగట్టు మీద, అమ్మిరాజుకు మేనత్త వరసయ్యే అచ్చాయమ్మగారు నడిచి వెళ్తున్నారు. పెద్దావిడను దాటుకుని కారులో పోవడం కోనసీమలో నేరం కాదు, అంతకన్నా పెద్దది. అమ్మిరాజు ఆపాడు.

"ఎందాకా బాబూ?"

"ఎక్కడికీ కాదండి. ఊరికే తిప్పుతున్నానండి."

"అయితే మా చెల్లెలింటి దగ్గర దింపెయ్యి."

ఆ చెల్లెలు కాఫీ తాగందే కదలనివ్వలేదు. అమ్మిరాజు కారు రోజూ పొద్దున్నే ఊరికే తిరుగుతుందన్న సంగతి పొక్కింది. జనం సంచులతో రోడ్డు పక్కన నిలబడసాగారు. భీమరాజుగారు ఆలోచించి, 'ఈ కారు పరీక్షలో ఉన్నది, పలకరించరాదు' అని బోర్డు రాయించి ముందు కట్టించారు. దాంతో పలకరించని వాళ్ళు కూడా ఆపడం మొదలుపెట్టారు. ఏం పరీక్ష, మేమేం తప్పు చేశాం, మాట్లాడకూడనంత కోపం ఎందుకని వాళ్ళ బాధ.

నెలాఖరు ఇంకా రాలేదు గాని, వీసా గడువు ముందొచ్చేసింది.

తెల్లారగానే పెట్టె కారు మీద కట్టి, బావమరిది హరిబాబును పక్కన కూర్చోబెట్టుకుని అమ్మిరాజు హైదరాబాదు విమానానికి బయల్దేరాడు. పెట్టె చూసి ఎవరూ ఎందాకా అనలేదు. దూరప్రయాణం పోయే మనిషిని అడగకూడదు కదా. అచ్చాయమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు తప్పుకున్నారు. ఆమెను చూసి కూడా అతను ఆపలేదు. ఆపితే ఏడ్చేస్తానని భయం. రావులపాలెంలో పెద్దరోడ్డు ఎక్కాక కారు ఒకే వేగంతో పోయింది.

రెండోనాడు తిరిగొచ్చిన హరిబాబు, విజయను తీసుకుని కారును కేంద్రానికి తెచ్చాడు. భీమరాజుగారు తీగ గుచ్చి, మురిసిపోయారు.

"అన్నీ చూసుకుందండీ! గడువు కూడా ఉంది. ఓనరు గార్ని పిలవండి. పత్రం ఆయన చేతికే ఇవ్వాలి, నియమం."

"ఆయన విమానం ఎక్కేసేరండి," అంది విజయ.

భీమరాజుగారు తీగ పీకి, తాపీగా చుట్టుకున్నారు.

"కారు సిద్ధమేనమ్మా. ఓనరు గారు సిద్ధంగా లేరని రాసుకుంటాను."