ఊహలో కూడా ఓడిపోయిన డాక్టరమ్మ

సాంతా రొసెండా రేవుపట్టణ ప్రజలకు కరాటే శిక్షణ ఇకపై ఎవరిళ్లలో వారికే, అదీ కళ్లు మూసుకొని, లభించునని మా పురపాలక సంఘం సంతోషంతో ప్రకటించింది. వ్యాయామశాల మరమ్మతుల్లో భాగంగా పైకప్పు విప్పే పని దిగ్విజయంగా పూర్తయింది. దాన్ని తిరిగి వేయడం ఆ పథకంలో లేదన్న సంగతి తర్వాత తెలిసింది. కప్పులేని హాల్లోకి సముద్రపు కొంగలు కాపురానికి వచ్చాయి. వాటి క్రమశిక్షణ మీద ఇంతవరకు ఫిర్యాదులు లేవు.

కరాటే గురువు తెయోదుల్ఫో మార్చేనా గారు నిరాశపడే మనిషి కాదు. శిష్యులందరి ఫోన్లకూ తన గొంతుతోనే ఒక ప్రసంగం పంపారు.

"శరీరం సేవకుడు! మనసు యజమాని! రోజూ సాయంత్రం నిశ్శబ్దంగా కూర్చోండి. నేర్చుకున్న అడుగులన్నీ మనసులో వేయండి. తర్వాత ఒక ప్రత్యర్థిని ఊహించుకొని పోరాడండి. చివరగా, ఎక్కడ తప్పు చేశామో నెమ్మదిగా ఆలోచించుకోండి. ఆదివారంనాడు అందరూ వినేలా చెప్పండి!"

సలహా మంచిదే. తెలిసిన గురువులు ఎక్కడైనా చెప్పేదే. అయితే చివరి భాగం మావాళ్లకు అక్కరలేకపోయింది. ఆలోచించుకుందామంటే ఎవరూ ఏ తప్పూ చేయలేదు మరి.

మందుల దుకాణం ఫౌస్తినో ఉర్కియాగా మొదటి ఆదివారం ఒక దొంగను పడగొట్టాడు. ఆ తర్వాత దొంగల ముఠాను చిత్తు చేశాడు. నెల తిరిగేసరికి ఒక ఎద్దును మట్టి కరిపించాడు. ఈ పోరాటాలన్నీ సోఫాలో, వేయించిన చేప ముక్కల పళ్లెం పక్కనే జరగడంవల్ల అతని నడుముపట్టీ ముడికి అందడం మానేసింది. గురువుగారు ఆ పురోగతిని గుర్తించి ఇంకాస్త పొడవైన పట్టీ, అదీ నల్లది, బహూకరించారు.

"ఎద్దును పడగొట్టావు సరే, కాస్త లేచి ఆ గ్యాస్ బండ ఇటు జరుపు" అంది అతని భార్య.

"ఇప్పుడు కాదే, ఏకాగ్రత చెడుతుంది" అన్నాడు నల్లపట్టీ వీరుడు.

ఇంత చక్కగా సాగుతున్న శిక్షణకు ఒకే ఒక మచ్చ పళ్ల డాక్టరు నెలిదా బర్రెనెచియా. యాభై దాటిన మనిషి. భర్త పోయాక ఇల్లు మరీ నిశ్శబ్దమైపోయిందని కరాటేలో చేరింది. గురువు చెప్పింది చెప్పినట్టే చేయడం ఆవిడలోని పెద్ద లోపం. ఆరో ఆదివారం ఆవిడ గొంతు అందరి ఫోన్లలోనూ వినిపించింది.

"ఈ వారం కూడా ఓడిపోయాను మాస్టారూ. ఎడమచెయ్యి కిందికి దించేస్తున్నాను. ఆయన సరిగ్గా అక్కడే కొడుతున్నాడు."

"ఆయనెవరమ్మా?"

"నేను ఊహించుకున్నాయనే."

"నీ ఊహలో మనిషి నీ మాట వినడా?"

"వినట్లేదండీ. పైగా వారం వారం ఇంకా బాగా నేర్చుకుంటున్నాడు."

గురువుగారు దయగల మనిషి కాబట్టి ప్రత్యర్థిని మార్చుకోమన్నారు. పొట్టివాణ్ణి, వీలైతే జబ్బుమనిషిని ఊహించుకోమన్నారు. "అలాంటివాణ్ణి కొట్టడానికి నాకు కరాటే ఎందుకు మాస్టారూ?" అని డాక్టరమ్మ అమాయకంగా అడిగింది. ఆ మాటతో ఆవిడ మానసిక స్థితిపై శిష్యబృందం తీవ్ర ఆందోళన వ్యక్తం చేసింది. సొంత బుర్రలో సొంతంగా ఓడిపోయే మనిషి ఊరి పరువేం నిలబెడుతుందని ఫౌస్తినో బాధపడ్డాడు. ఆవిడను పోటీల జట్టులోంచి గౌరవంగా పక్కనపెట్టారు.

ఆ మాట ఆవిడకు గుచ్చుకుంది. ఆ సాయంత్రం కళ్లు మూసుకొని కూర్చుంటే ప్రత్యర్థికి బదులు ఏడుపే ఎదురొచ్చింది. తర్వాత మొహం కడుక్కొని, క్లినిక్ వెనక పెరట్లో నిలబడి, ఎడమచెయ్యి ఎత్తి పెట్టుకోవడం సాధన చేసింది. కూర్చుని తప్పు వెతుక్కునేది, లేచి దాన్ని దిద్దుకునేది. గోడ మీదినుంచి చూసిన పొరుగువాళ్లు, పాపం పిచ్చి ముదిరిందని నిర్ధారించారు.

ఇంతలో పుంతా అల్వార్ ఊరితో వార్షిక పోటీ వచ్చింది. మా జట్టులో ఒకాయనకు ఉన్నట్టుండి జ్వరం తగలడంతో, వేరే దిక్కులేక డాక్టరమ్మను పిలిచారు.

మొదట ఫౌస్తినో బరిలోకి దిగాడు. వంగి నమస్కరించాడు. అలవాటు కొద్దీ కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి వెల్లకిలా పడివున్నాడు. మిగతా ముగ్గురు కళ్లు తెరిచే ఉంచారు గాని, ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

చివరగా డాక్టరమ్మ లేచింది. ఎదుట ఆవిడ వయసులో సగం కూడా లేని పిల్ల. "చూసుకో పెద్దమ్మా, తగిలితే నన్ను తిట్టుకోకు" అని నవ్వి, ఆ పిల్ల ఎడమవైపు మెరుపులా కొట్టింది. అక్కడ డాక్టరమ్మ చెయ్యి ఉంది. మళ్లీ కొట్టింది. మళ్లీ ఉంది. మూడోసారి డాక్టరమ్మే ముందు కొట్టింది. తీర్పరి జెండా పైకి లేచింది. ఆవిడ ఎటు చూడాలో తెలియక, చిన్నపిల్లలా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వింది.

"ఎక్కడ నేర్చుకున్నావు పెద్దమ్మా?" అని అడిగింది ఓడిన పిల్ల.

"నాలుగు నెలలుగా ఇక్కడే తన్నులు తిన్నానమ్మా" అని డాక్టరమ్మ తన తల చూపించింది.

గురువుగారు వేదికెక్కి ప్రసంగించారు. "మనం నాలుగు పోటీల్లో ఓడినట్టు కొందరు ప్రచారం చేస్తున్నారు. అది శారీరక స్థాయిలో మాత్రమే! మానసికంగా పోటీ మొదలు కాకముందే మనం గెలిచాం!" మేయరుగారు కన్నీళ్లు తుడుచుకున్నారు. బాజాలతో ఊరేగింపు తీశారు. ఫౌస్తినోను భుజాలమీద మోయడానికి ఎనిమిదిమంది కావలసివచ్చారు.

డాక్టరమ్మను ఊరేగించలేదు. ఆవిడ విజయం కేవలం శరీరంతో సాధించినది కావడంచేత లెక్కలోకి తీసుకోలేదు. పైగా, ఓటమిని ఊహించుకొని గెలవడం పసిపిల్లలకు చెడ్డ ఉదాహరణ అని సంఘం తీర్మానించింది.

ఇప్పుడు ఆవిడ పెరట్లో సొంతంగా నేర్పుతోంది. ఒక తల్లి కూతురిని తీసుకొచ్చి, "పట్టీ ఎన్నాళ్లకిస్తారండీ?" అని అడిగింది.

"పట్టీలు లేవమ్మా."

"మరేం ఇస్తారు?"

"పాప ఎక్కడ తప్పు చేస్తోందో చెబుతాను."

"అది చెప్పడానికి ఇంట్లో వాళ్ల నాన్న ఉన్నాడులెండి" అని ఆ తల్లి పిల్లను లాక్కుపోయింది.

పెరట్లో చోటు చాలా ఉంది. ఇంతవరకు చదివిన మీరు కూడా, రేపటినుంచి మన తప్పులు మనం చూసుకోవాలని ఒక్క క్షణం కళ్లు మూసుకొని అనుకునే ఉంటారు. అభినందనలు. మా ఊళ్లో నల్లపట్టీ ఇవ్వడానికి అది చాలు.