నాలుగో అంతస్తు చెత్తబండి

మంగళవారం పొద్దున తియెన్‌ఫు వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య బీషియా చేత పది నిమిషాలు మాట్లాడించాలి. అదీ ఎందుకో ఆమెకి తెలియకుండా.

దానికి కావలసిన వస్తువు చేతిలోనే ఉంది. పాటల ప్లేయర్ నెత్తిన తగిలించే వేలెడంత మైకు. మీట నొక్కితే ఎర్ర దీపం వెలుగుతుంది, చుట్టూ వినిపించేదంతా ప్లేయర్‌లోకి ఎక్కుతుంది. ఖరీదు రెండు గిన్నెల నూడుల్స్. తైపేలోని ఒక ఎలక్ట్రానిక్స్ మాసపత్రికకి ఇలాంటి చవక వస్తువులు ఇంట్లోనే పరీక్షించి రాయడం తియెన్‌ఫు ఉద్యోగం. ఈ నెల వంతు ఈ మైకుది.

పత్రిక పని సాకు మాత్రమే. బీషియా మెడలో గడ్డ ఉంది. బుధవారం ఆసుపత్రిలో చేరాలి, గురువారం ఆపరేషన్. "గొంతు నరం పక్కనే ఉంది. గొంతు మారొచ్చు, మారకపోవచ్చు. ఇప్పుడే చెప్పలేను," అన్నాడు డాక్టరు. ఆ మాట విన్న రోజు నుంచి ఆమె ముక్తసరిగా తప్ప మాట్లాడటం లేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా తిట్టు వినకుండా పొద్దు గడవని తియెన్‌ఫుకి, ఈ వారమంతా ఇంట్లో గోడ గడియారం చప్పుడు వినిపిస్తోంది. అది అంత గట్టిగా కొట్టుకుంటుందని అతనికి ఇన్నాళ్ళూ తెలియదు.

ఫలహారం దగ్గర, జామకాయల బుట్టలో ప్లేయర్ దాచి మొదలుపెట్టాడు.

"రాత్రి నిద్ర పట్టిందా?"

"ఊఁ."

"మీ చెల్లెలు ఫోన్ చేసిందా?"

"చేసింది."

"ఏమంటుంది?"

"ఏమంటుంది. జాగ్రత్త అంటుంది."

చివరి అస్త్రంగా సోయాపాలు కావాలనే బల్ల గుడ్డ మీద ఒలకబోశాడు. పోయిన నెలలో అయితే ఆ ఒక్క గ్లాసుకి అరగంట తిట్లు పడేవి. ఇప్పుడు ఆమె తుడిచేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. అక్కడి నుంచి ఒక్క మాట వినిపించింది. "సాయంత్రం బండికి చెత్తంతా వేసేయాలి. రేపు బండి రాదు. ఇంట్లో చేప తలకాయలు కుళ్ళబెట్టుకుని నేను ఆసుపత్రికి వెళ్ళను."

ఆ వారంలో ఆమె మాట్లాడిన అతి పొడుగు మాట అదే. ఆశగా ఇయర్‌ఫోన్ పెట్టుకుని విన్నాడు. ఫ్యాన్ గాలి తప్ప ఏమీ లేదు.

లోపం మైకుదా, దూరానిదా? తేల్చుకోవడానికి ముందు రోజు సాయంత్రం బాల్కనీలోంచి రికార్డు చేసిన ముక్క ఒకటి ఉంది. అది బాగా వినపడాలని ప్లేయర్‌ని ఇంట్లో పాటలు పాడుకునే పెద్ద స్పీకర్లకి కలిపి మీట నొక్కాడు. కొత్త సంవత్సరం విందులో బావమరిది పాడినప్పుడు పెంచిన శబ్దం ఇంకా అక్కడే ఉందని అతను చూసుకోలేదు. బాల్కనీ తలుపు బార్లా తెరిచి ఉంది.

ముందు రోజు అతను రికార్డు చేసింది చెత్తబండి పాట.

ఆ ఊళ్ళో చెత్త గుమ్మం బయట పెట్టి వెళ్ళడానికి లేదు. బండి పాడుకుంటూ వచ్చి సందులో ఆగిన రెండు నిమిషాల్లో ఎవరి నీలం సంచి వాళ్ళు చేత్తో విసరాలి. అందుకే ఆ పాట వినగానే ముందు కాళ్ళు కదులుతాయి, బుర్ర తర్వాత. కింద తలుపులు టపటపా తెరుచుకున్నాయి. వెనక వైపు బట్టలు ఆరేస్తున్న బీషియా రెండు సంచులతో అతని పక్క నుంచే దూసుకుపోయింది.

"కూర్చున్నావేం, బండి!"

తియెన్‌ఫు నోరు తెరిచే లోపల ఆమె రెండో అంతస్తు దాటింది. అతను కంగారుగా పాట ఆపేశాడు. అది ఇంకా పెద్ద తప్పయింది. పాట ఆగిందంటే బండి మలుపు తిరిగిందని అందరూ లెక్కేశారు. నలభై మంది సంచులతో సందు చివరికి పరుగు తీశారు.

వార్డు పెద్ద యెన్ అక్క తన కార్యాలయం కిటికీలోంచి ఈ పరుగు చూసింది. పదహారేళ్ళ పదవిలో ఒక్క ఇంటికి కూడా చెత్త మిగలనివ్వలేదని ఆమెకి గర్వం. వెంటనే స్తంభాల మీద లౌడ్‌స్పీకర్లు పలికాయి. "అందరూ వినండి. ఈ రోజు బండి ముందే వచ్చింది. మూల మీద ఉంది. త్వరగా రండి." దాంతో పక్క మూడు సందులూ కదిలాయి.

తియెన్‌ఫు కిందికి దిగేసరికి, లేని బండి కోసం వంద మంది వరసలో నిలబడ్డారు. అందరికంటే ముందు, కర్ర పట్టుకుని, ఎనభై దాటిన గాన్ తాత.

"తాతా, ఎండగా ఉంది. లోపలికి వెళ్ళి కూర్చో."

"పదేళ్ళలో మొదటిసారి వరసలో ముందున్నాను. కదలను," అన్నాడు గాన్ తాత.

ఇక తప్పలేదు. యెన్ అక్క దగ్గరికి వెళ్ళి, జేబులోంచి మైకు తీసి చూపించి, ఒప్పేసుకున్నాడు. ఆమె మైకునీ, అతన్నీ, వరసనీ మార్చి మార్చి చూసింది.

"ఇంత చిన్న డబ్బాతో ఇంత ఊరిని దింపావా?"

"పరీక్ష చేస్తున్నానక్కా."

"పాసైంది. పో."

మళ్ళీ లౌడ్‌స్పీకర్లు పలికాయి. "అందరూ ఇళ్ళకి వెళ్ళండి. బండి రాలేదు. ఈ రోజు మళ్ళీ ఆ పాట వినిపిస్తే, అది నాలుగో అంతస్తు తియెన్‌ఫు గారి డబ్బా. ఎవరూ దిగకండి."

బీషియా రెండు సంచులూ మోసుకుంటూ మెట్లెక్కింది. ఒక్క మాట అనలేదు. అదే అతన్ని భయపెట్టింది.

మధ్యాహ్నం ఆఖరి ప్రయత్నంగా మైకుని ప్లేయర్‌తో సహా చొక్కా కాలరు దగ్గర గుచ్చి, మీట నొక్కి, పైన తువ్వాలు కప్పుకుని ఆమె చుట్టూ తిరిగాడు. ఆమె సూట్‌కేసు సర్దుతూనే ఉంది. కాసేపటికి మీట సంగతి అతనే మరిచిపోయాడు.

ఐదూ నలభైకి సందులో పాట వినిపించింది.

తియెన్‌ఫు సంచుల కోసం లేచాడు. బీషియా భుజం పట్టి కూర్చోబెట్టింది.

"కూర్చో. ఇంకోసారి ఊరిని దింపుతావా?"

"నేను కాదు. ఇది నిజం బండి."

"పొద్దున కూడా నిజంలాగే ఉంది."

అతను బాల్కనీలోకి ఉరికి అరిచాడు. "బండి వచ్చింది, దిగండి!" ఎదురింటి కిటికీలోంచి ఒకాయన నవ్వాడు. "ఈసారి ఇంకా బాగా వచ్చింది తియెన్‌ఫు అన్నా. వాసన కూడా రికార్డు చేశావా?"

ఎవరూ దిగలేదు. పసుపు బండి ఖాళీ సందులో రెండు నిమిషాలు పాడి, వెళ్ళిపోయింది. దాని వెనక భాగం మలుపు తిరగడం బీషియా బాల్కనీలోంచి తన కళ్ళతో చూసింది. గురువారం వరకు ఇంకో బండి లేదు.

అప్పుడు ఆమె మొదలుపెట్టింది.

మొదట చేప తలకాయలు. వాటి మీదుగా సోయాపాలు, స్పీకర్లు, బావమరిది పాట. తర్వాత పెళ్ళయిన కొత్తలో తప్పు రైలెక్కించి హనీమూన్‌కి బదులు సిమెంటు ఫ్యాక్టరీ చూపించిన సంగతి. బస్సుల్లో పోగొట్టిన పదిహేడు గొడుగులు, ఏ గొడుగు ఏ బస్సో సహా. ఎదురింటి కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. వారం రోజులుగా వినపడని గొంతు. ఎవరూ నవ్వలేదు. గాన్ తాత కుర్చీ తెచ్చుకుని కూర్చున్నాడు.

"తడి చొక్కాలు తలుపు మీద ఆరేస్తావు. బియ్యం కడగకుండా పొయ్యి మీద పెడతావు. మాత్ర వేసుకున్నావో లేదో నీకే గుర్తుండదు." ఆమె ఆగింది. గొంతు తగ్గింది. "ఎల్లుండి తర్వాత ఈ గొంతు రాకపోతే, ముసలోడా, నిన్నెవరు తిడతారు?"

 తియెన్‌ఫు ఆమె చేతిలోని సంచి తీసుకుని చేప తలకాయలు మూట కట్టి, ఫ్రీజర్‌లో ఐస్‌క్రీమ్ పక్కన సర్దాడు. ఆ రాత్రి వార్డంతా అదే పని చేసింది. తువ్వాలు తీసినప్పుడు కాలరు దగ్గర ఎర్ర దీపం వెలుగుతూ కనిపించింది. మధ్యాహ్నం నుంచి ఎక్కిన మిగతాదంతా తీసేస్తే, ఆమె తిట్లు పన్నెండు నిమిషాలు. ఒక్క అక్షరం పోలేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. పది రోజులు నోరు మెదపకూడదన్నాడు డాక్టరు. మూడో రోజు తియెన్‌ఫు భయపడుతూనే ఇయర్‌ఫోన్ ఆమె చెవిలో పెట్టాడు. మొత్తం విన్నది. చివరి మాట దగ్గర కళ్ళు తుడుచుకుంది. ఎందుకు రికార్డు చేశాడని అడగలేదు, తెలిసిపోయింది. అతని చెయ్యి కాసేపు పట్టుకుని, తర్వాత అదే చేత్తో ప్లేయర్ లాక్కుంది.

ఆ సాయంత్రం అతను తడిసిన గొడుగుని మంచం మీద పెట్టాడు. ఆమె గొడుగుల తిట్లున్న ఏడో నిమిషం దగ్గరికి జరిపి, ఇయర్‌ఫోన్ అతని చెవిలో పెట్టింది. మర్నాడు మాత్ర మరిచిపోయాడు. పదకొండో నిమిషం.

పదకొండో రోజున బీషియా గొంతు తిరిగి వచ్చింది, కాస్త బొంగురుగా. ఆమె ప్లేయర్ మాత్రం ఇవ్వలేదు. "గొంతుకి శ్రమ ఎందుకు," అంది.

పత్రికలో తియెన్‌ఫు ఆ మైకుకి పూర్తి మార్కులు వేశాడు. లోపం ఒక్కటే రాశాడు: దీన్ని ఇంట్లో ఎవరి చేతికి ఇవ్వకూడదో పెట్టె మీద ఎక్కడా రాసి లేదు.