మెహ్జబీన్‌కు ప్రేరణ చాలలేదు

వ్యాపారం పెట్టడం కన్నా పెట్టాలనుకోవడమే గొప్పదని విశ్వవిద్యాలయం తీర్మానించింది. (ఇందుకు మూడు సమావేశాలు, ఆరు ట్రేల సమోసాలు అవసరమయ్యాయి.) ఆ అనుకోవడాన్ని కొలవడానికి వ్యాపార ప్రేరణ మాపన విభాగం వెలిసింది. ప్రేరణ అరవై శాతం దాటనివారికి హాల్‌టికెట్ ఇవ్వరు.

ఎం.కాం. ఆఖరి ఏడాది చదివే మెహ్జబీన్ రోజూ నెక్కొండ నుంచి రైల్లో వరంగల్ వచ్చేది. తల్లి సుల్తానా బేగంతో కలిసి తెల్లవారకముందే లేచి వండిన బగారా అన్నం పాతిక డబ్బాల్లో వెంట తెచ్చేది. మధ్యాహ్నం హాస్టల్ గేటు దగ్గర అరగంటలో ఖాళీ. ఇల్లు దాని మీదే నడిచేది.

ప్రేరణ ఫారంలో మొదటి ప్రశ్న: ‘రానున్న ఐదేళ్లలో వ్యాపారం ప్రారంభించే ఉద్దేశం ఉందా?’ ప్రారంభించి రెండేళ్లయింది కనుక ఆమె నిజాయితీగా ‘లేదు’ అని టిక్కు పెట్టింది. ‘విఫలమవుతానన్న భయం ఉందా?’ వానొస్తే డబ్బాలు మిగిలిపోవడం గుర్తొచ్చి ‘ఉంది’ అంది. ప్రేరణ పదకొండు శాతమని తేలింది.

వెళ్లి విభాగాధిపతి శ్యాంసుందర్‌ను కలిసింది.

“సార్, నేను డబ్బాలు అమ్ముతున్న గద. మీరు సుత రోజూ కొంటరు.”

“అది బతుకుదెరువమ్మా. మాకు కావల్సింది ఉద్దేశం.”

“మరి చేస్తున్నదాన్ని ఎక్కడ రాయాలె?”

“ఫారంల దానికి గడి లేదు.”

ప్రేరణ తక్కువైనవారికి నెల రోజుల శిబిరం పెట్టారు, పన్నెండు నుంచి రెండు దాకా. అందరూ కళ్లు మూసుకుని తమ భావి వ్యాపారాన్ని ఊహించుకోవాలి. (కళ్లు తెరిస్తే గైర్హాజరు.) మెహ్జబీన్ కళ్లు మూసుకున్న ఆ రెండు గంటల్లోనే హాస్టల్ పిల్లలు ఆమె కోసం గేటు దాకా వచ్చి, చూసి, మరోచోట తినడం అలవాటు చేసుకున్నారు. నిండు డబ్బాలు నెక్కొండకు తిరుగు ప్రయాణం చేశాయి. నాలుగు రోజులు వాడకట్టంతా బగారా అన్నమే తింది.

“అమ్మీ, రేపటి సంది వండకు,” అంది ఐదో రోజు.

“ఇగ బందేనా బేటా?”

“హాల్‌టికెట్ కావాలె గద.”

సుల్తానా బేగం బగారా వండే పెద్ద దేగిసాను తోమి, బోర్లించి, మరునాటి నుంచి ఒక ఫంక్షన్ హాల్లో గిన్నెలు కడిగే పనికి కుదిరింది.

నెల తిరిగాక మళ్లీ ఫారం ఇచ్చారు. మెహ్జబీన్ మొదటి ప్రశ్నకు కాగితం చిరిగేలా ‘ఉంది’ అని టిక్కు పెట్టింది. తొంభై నాలుగు శాతం. విభాగం చరిత్రలో అదే రికార్డు.

శ్యాంసుందర్ స్వయంగా శాలువా కప్పి హాల్‌టికెట్ చేతికిచ్చాడు. తర్వాత కాస్త దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు.

“ఇంతకూ నీ డబ్బాలు కనబడ్తలేవేందమ్మా? క్యాంటీన్ అన్నం తినలేకపోతున్న.”

“ఐదేండ్లల్ల పెడ్త సార్,” అంది మెహ్జబీన్.