ఎడారిలో హౌస్‌ఫుల్

"ఎడారిలో ఏముందని అడిగేవాళ్ళకి నా జవాబు ఒక్కటే. ఏమీ లేదు! ఆ ఏమీ లేకపోవడాన్ని పెళ్ళాం బిడ్డలతో తీరిగ్గా కూర్చుని చూడాలంటే ఇంతకు మించిన చోటు భూప్రపంచంలో లేదు!"

పర్యాటక మంత్రిగారు ఈ మాట అనగానే హాలు దద్దరిల్లింది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవాడు ఆ శాఖ డైరెక్టరు. తన శాఖ ఎడారిలో ఫ్యామిలీ రిసార్టు కడుతోందని అతనికి అప్పుడే తెలిసింది మరి.

మంత్రిగారిది గొప్ప దూరదృష్టి. ఎంత గొప్పదంటే, దగ్గరున్న ఫైలు చదవడానికి పి.ఏ. కావాలి. ఆయన ఆలోచనల ప్రకారం డైరెక్టరు అద్దె టెంట్లు వేయించాడు. సూర్యోదయం పాయింటు కట్టించాడు. కుర్చీలు అటు తిప్పితే అదే సూర్యాస్తమయం పాయింటు. ఎండమావుల వీక్షణ కేంద్రం పెట్టాడు. బోటింగు కూడా ఉంది. నీళ్ళింకా శాంక్షన్ కాలేదు గాని, లైఫ్ జాకెట్టు లేనిదే పడవ ఎక్కనివ్వరు.

అన్నీ కుదిరాయి, ఫ్యామిలీలు తప్ప. ప్రారంభోత్సవం దగ్గర పడినా ఒక్క బుకింగూ లేదు. మంత్రిగారు ఫోన్ చేశారు.

"ఏమయ్యా, జనం వస్తున్నారా?"

"దారిలో ఉన్నారు సార్."

"ఛానెళ్ళవాళ్ళొస్తున్నారు. టెంటుటెంటుకీ పిల్లలు కేరింతలు కొట్టాలి. లేదంటే నిన్ను పర్మనెంటుగా అక్కడే పోస్ట్ చేస్తా."

తన చేతులతో కట్టిన స్వర్గంలో శాశ్వతంగా ఉండడమనగానే డైరెక్టరుకి ముచ్చెమటలు పోశాయి. ఇంటికెళ్ళి భార్యతో అన్నాడు.

"ఈ సెలవుల్లో టూర్ వెళ్తున్నాం."

ఆవిడ మొహం వెలిగిపోయింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ అడుగుతోంది.

"సముద్రానికేనా?"

"ఇసుకైతే గ్యారంటీ" అన్నాడు డైరెక్టరు.

ఎడారిలో దిగాక ఆవిడ సూటుకేసు విప్పనే లేదు. వెంట వచ్చిన అత్తగారైతే ఊరుకోలేదు. "ఇసకంతా ఇక్కడే ఉంది, సముద్రమేది అల్లుడూ?" అని నిలదీసింది. ఆవిణ్ణి వీక్షణ కేంద్రంలో కూర్చోబెట్టి, తన చిన్న కూతుర్ని పక్కకి తీసుకెళ్ళాడు.

"అమ్మలూ, ఇవాళ నన్ను నాన్నా అనకూడదు. అంకుల్ అనాలి."

"ఎందుకు నాన్నా?"

"అంకుల్!"

"ఎందుకు అంకుల్?"

మంత్రిగారు వచ్చారు, రిబ్బను కత్తిరించారు. కెమెరాలు చూస్తుండగా పాపని ఎత్తుకుని, "మీ నాన్నగారు రాలేదామ్మా?" అన్నారు. పాప డైరెక్టరు వైపు చూసింది. "ఈ అంకుల్‌నడగండి. ఆయనకి తెలుసు" అంది.

డైరెక్టరు భార్య అడ్డుపడింది. "మా ఆయనకి ఎప్పుడూ ఆఫీసేనండీ. ఇంట్లో ఉన్నా ఉన్నట్టుండరు." ఆ మాటలో నటన ఏమాత్రం లేదు. మంత్రిగారు కదిలిపోయారు. అలాంటి నిర్లక్ష్యపు భర్తల కోసమే ఈ రిసార్టు కట్టామన్నారు. డైరెక్టరే ముందుగా చప్పట్లు కొట్టాడు.

కాసేపటికి భార్య అతన్ని టెంటు చాటుకి పిలిచింది. "పక్క టెంటావిడ కరెంటు ఇంజనీరు గారి భార్యట. అవతలి టెంటులో రోడ్ల ఇంజనీరు గారి అత్తారింటివాళ్ళు. వాళ్ళ పిల్లలూ వాళ్ళ నాన్నల్ని అంకుల్ అనే పిలుస్తున్నారండీ!"

డైరెక్టరు చుట్టూ చూశాడు. ఎటు చూసినా అంకుళ్ళే. ప్రాణం కొంత కుదుటపడింది.

సరిగ్గా అప్పుడే దుమ్ము రేపుకుంటూ ఒక పాత కారొచ్చి ఆగింది. భార్యాభర్తలు, పిల్లలు, ఒక ముసలావిడ దిగారు. ఏ శాఖవాళ్ళో డైరెక్టరుకి అంతుబట్టలేదు.

"టీవీలో మంత్రిగారు చెప్పింది విని వచ్చామండీ" అన్నాడు ఆ భర్త. "పిల్లలు ఒకటే గొడవ. ఒక్క టెంటు దొరుకుతుందా?"

డైరెక్టరు ఇన్నాళ్ళ సర్వీసులో నిజం టూరిస్టుని చూడడం అదే మొదలు.

"మా టెంటు తీసుకోండి!" అంది డైరెక్టరు భార్య. అప్పటికే సూటుకేసు ఆవిడ చేతిలో ఉంది. వెనకాలే ఇంజనీర్ల పెళ్ళాలూ సంచులతో బయటికొచ్చారు.

"ఆగండాగండి!" మంత్రిగారు పరుగున వచ్చారు. "ఎవరూ ఖాళీ చెయ్యొద్దు!" కెమెరాల వైపు తిరిగారు. "చూశారా? చోటు లేక జనం తిరిగిపోతున్నారు! ఏ ప్రభుత్వానికైనా ఇంతకంటే విజయం ఏముంటుంది?"

అత్తగారు వచ్చి, ఆ ముసలావిడకి తన సీసాలోని మంచినీళ్ళు పట్టించింది. పిల్లలు పడవల వంకే వెనక్కి తిరిగి చూస్తుండగా కారు వెళ్ళిపోయింది. డైరెక్టరు తల వంచుకుని బూట్లలో ఇసుక దులుపుకున్నాడు.

మంత్రిగారు అతని భుజం తట్టారు. "మెయిన్ రోడ్డు మీద హౌస్‌ఫుల్ బోర్డు పెట్టించు."

"చిత్తం సార్. మరి రేపు?"

"రేపూ ఉంటుంది. సిమెంటుతో పాతించు."

"అయితే ఈ టెంట్లూ..."

"బోర్డుండగా టెంట్లెందుకయ్యా? అద్దె దండగ."

సాయంత్రానికి టెంట్లు లారీలెక్కాయి. డైరెక్టరు కుటుంబంతో జీపులో మెయిన్ రోడ్డెక్కేసరికి, కొత్త బోర్డు ముందు ఇంకో కారు ఆగి ఉంది. వెనక సీటులో పిల్లలు కిటికీలకి మొహాలు ఆనించి కూర్చున్నారు. తండ్రి దిగి, బోర్డు రెండుసార్లు చదివి, భార్య వైపు తిరిగాడు.

"చెప్పానా, ముందే బుక్ చేసుకోవాలని!"