నాలుగో అంకంలో హరాజు

తెల్లవారేసరికి అల్లం వ్యాపారి హఫీజుద్దీన్ చేతిలో ఉన్నవి: నాటకానికని ఖాళీ చేసిన గోదాము, అద్దెకు తెచ్చిన అరవై కుర్చీలు, కూతురు ఉమైరా పరువు. మొదటి రెండూ పోయినా తట్టుకోగలడు.

ఉమైరా ఓ పోలాండ్ నాటకాన్ని తెలుగు చేసింది. రాసిన నాటకకర్తే చూడటానికి జహీరాబాద్ వచ్చాడు. షరతు ఒక్కటే: ముగింపు మారితే అనుమతి రద్దు. ముగింపులో ఒక ముసలాయన ఇంటిని వేలం వేస్తారు. మూడుసార్లు పిలిచినా ఎవరూ పాడరు. ఆ నిశ్శబ్దంలో ముసలాయన లేచి వెళ్లిపోతాడు.

కుర్చీలు ఖాళీగా ఉంటాయన్న దిగులుతో హఫీజుద్దీన్ పొద్దున్నే మార్కెట్‌కు పోయి అల్లం రైతుల్ని పిలుచుకొచ్చాడు. వేలం వేసే వేషానికి మనిషి కరువైతే, మార్కెట్‌లో రోజూ హరాజు పాడించే ప్రణయ్‌నే కుదిర్చాడు. రెండూ లాభసాటి బేరాలే అనుకున్నాడు.

మూడు అంకాలు సాఫీగా గడిచాయి. నాలుగో అంకంలో ప్రణయ్ ముందుకొచ్చాడు.

"ఈ ఇల్లు ఎవలన్న పాడతరా?"

నిశ్శబ్దం. సరిగ్గా నాటకంలో రాసినట్టే.

ఆ మార్కెట్‌లో తొలి పిలుపును ఉత్తగా పోనివ్వరు, అమ్మేవాడికి అవమానం. రెండో వరుసలో న్యాల్‌కల్ రైతు మహాదేవప్ప ఇబ్బందిగా కదిలాడు.

"పాపం, పెద్దమనిషి కండ్లల్ల నీళ్లు పెట్టుకుండు. రెండు లక్షలు."

"కూసో పటేలా, అది ఆట," అన్నాడు హఫీజుద్దీన్ గొంతు తగ్గించి.

"ఆటైతేంది సేట్, ఇజ్జత్ ఇజ్జతే గద."

"మూడు," అన్నాడు వెనక నుంచి చెన్నబసప్ప. విత్తనపు అల్లం హరాజులో మహాదేవప్ప అడిగిన సరుకును ఈ రైతు ఏనాడూ పోటీ లేకుండా వదల్లేదు.

ప్రణయ్ నాటకం మరిచాడు. నోరు అలవాటైన పాట అందుకుంది. నాలుగు, ఆరు, తొమ్మిది. వెళ్లిపోవలసిన ముసలాయన, ధర ఎక్కడిదాకా పోతుందో చూద్దామని మళ్లీ కూర్చున్నాడు. హఫీజుద్దీన్ వేదిక అంచుకు పరుగెత్తాడు.

"జర ఆపు ప్రణయ్."

"నడుమల ఎట్ల ఆపుత సేట్?"

ముందు వరుసలో నాటకకర్త లేచాడు. ఆపమని చేయి ఎత్తాడు.

"దొర పది పాడిండు," అన్నాడు ప్రణయ్. "ఒకటి, రెండు, మూడు. అయిపాయె."

కొన్నవాడి చేతిలో సరుకు నమూనా పెట్టడం మార్కెట్ రివాజు. మహాదేవప్ప వేదికెక్కి, అట్టతో చేసిన ఇంటి తలుపు ఊడదీసి తెచ్చి అప్పగించాడు. "నీ ఇల్లే దొరా. పైలంగ చూస్కో."

నాటకకర్త ఆ తలుపును చంకలో పెట్టుకున్నాడు. ఉమైరాతో ఏదో అన్నాడు.

"రద్దేనా బిడ్డా?" అన్నాడు హఫీజుద్దీన్.

"నలభై ఏండ్లు, పదకొండు దేశాలల్ల ఆడిన్రంట అబ్బాజాన్. ఆ ఇంటిని ఒక్కలు గూడ అడగలేదంట. ఇంకో ఐదు ఆటలు ఎయ్యమంటుండు. గని మార్కెటోళ్లనే పిలవాల్నంట. తలుపు మాత్రం వాపస్ ఇయ్యడంట."

సాయంత్రం హఫీజుద్దీన్ లెక్క చూసుకున్నాడు. గోదాము ఉంది. కుర్చీలు అరవై. కూతురి పరువు, పైన ఐదు ఆటలు. ఖర్చు ఒక తలుపు. అన్నీ సరిపోయాయి, విషాదం ఒక్కటే తక్కువ పడింది.