పాత బిళ్ళను కక్కేసిన పెట్టెకు జేజేలు

మనిషి కనిపెట్టిన వాటిలో చక్రం గొప్పదా, విమానం గొప్పదా అని ఎవరైనా అడిగితే రెండూ కాదంటాను. పాత ఆటను ఆడనని మొహం మీదే చెప్పేసే కొత్త వీడియో గేమ్ పెట్టె గొప్పది!

నవ్వకండి. చాలా సీరియస్‌గా చెబుతున్నాను.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. టీవీకి తగిలించి ఆటలాడుకునే పెట్టెను కన్సోల్ అంటారు. పాత కన్సోల్ కోసం కొన్న ఆట కొత్త కన్సోల్‌లో కూడా ఆడితే ఆ సుగుణాన్ని బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ అంటారు. పేరులోనే బ్యాక్‌వర్డ్ ఉంది, చూశారా? ముందుకు పోదామనుకునే మనిషి ఎవడైనా అలాంటి పేరున్నదాన్ని గడప తొక్కనిస్తాడా?

మా ఇంట్లో పాత కన్సోల్ చాలాకాలం సేవ చేసింది. ఈమధ్య ఓ రోజు గరగరమని చప్పుడు చేసి, ఆట ఉండే బిళ్ళను, అదే డిస్కును, బయటకు నెట్టేసి, ఇక నోరు మూసుకుంది. సందు చివర రిపేరు షాపతను దాన్ని విప్పి, లోపలికి ఓసారి ఊది, పెదవి విరిచాడు.

"లెన్సు పోయింది సార్. పార్టులు రావట్లేదు, కంపెనీయే మానేసింది. కొత్తది తీసుకోండి, హాయిగా ఉంటారు" అన్నాడు.

హాయిగా ఉండమంటే ఎవరు కాదంటారు? కొత్తది తెచ్చాం. నల్లగా, నున్నగా, ఇంట్లో మిగతా సామానంతా దాని ముందు చిన్నబోయేలా ఉంది. మా పాత టెన్నిస్ ఆట బిళ్ళను అందులో పెట్టాం. కొలత సరిపోయింది. గుండ్రంగానే ఉంది, మధ్యలో చిల్లు కూడా ఉంది, ఇంకేం కావాలి? పెట్టె దాన్ని లోపలికి లాక్కుని, కాసేపు ఆలోచించి, మెల్లగా బయటకు నెట్టింది. మా ఆవిడ తుడిచి పెట్టింది. నేను ఊది పెట్టాను. ఇద్దరం కలిసి తిరగేసి పెట్టాం. ప్రతిసారీ అదే మర్యాద.

సోఫాలో కూర్చుని ఇదంతా చూస్తున్న మా అత్తగారు కూతురితో అన్నారు: "కొత్తది కదే, మొహమాటపడుతోందేమో. రేపు తింటుందిలే."

తినలేదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఓ తియ్యని గొంతు "మేము భవిష్యత్తు వైపు ప్రయాణిస్తున్నాం సార్" అంది. "నా బిళ్ళ కూడా అటే వస్తానంటోందమ్మా, కాస్త ఎక్కించుకోండి" అన్నాను. ఆ అమ్మాయి మళ్ళీ మొదటి వాక్యమే చెప్పి పెట్టేసింది.

మొదట నాకూ ఒళ్ళు మండిన మాట నిజం. నిదానంగా ఆలోచిస్తే గానీ ఆ పెట్టెలోని జ్ఞానం బోధపడలేదు. పాతవాళ్ళతో కలుపుగోలుగా ఉంటే కొత్తవాడికి విలువేముంటుంది? ఈ చిన్న సంగతి తెలియకే కదా లోకం ఇలా తగలడింది!

మా అత్తగారి మోకాలి సంగతే తీసుకోండి. నిరుడు ఆవిడకు మోకాలు మార్చారు. ఆ డాక్టరు చేసిన పనేమిటో తెలుసా? కొత్త మోకాలిని తెచ్చి పాత కాలికి తగిలించాడు! పైగా "పాత ఎముకతో కొత్తది కలిసిపోవడానికి కొంచెం టైం పడుతుందమ్మా, ఓపిక పట్టండి" అన్నాడు. కలిసిపోవడమేమిటి, ఓపికేమిటి, ఎంత వెనకబడ్డ వైద్యం! అదే కన్సోల్ కంపెనీవాళ్ళు ఆసుపత్రి నడిపితే ఎంత శుభ్రంగా ఉండేది? "ఈ మోకాలికి మీ కాలు పనికిరాదు. కొత్త మనిషిని తీసుకోండి, హాయిగా ఉంటారు" అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్ళు.

మా ఆఫీసులో ఈ మధ్యే చేరిన మేనేజరుకు మాత్రం ఆ సంస్కారం ఉంది. పాత మేనేజరు ఇచ్చిన సెలవులు ఈయనలో ఆడవు. నా సెలవు కాగితం పట్టుకుని వెళితే లోపలికి తీసుకున్నాడు, కాసేపు ఆలోచించాడు, మెల్లగా నా వైపు నెట్టాడు. దండం పెట్టి వచ్చాను. మహానుభావులు ఎక్కడున్నా ఒకేలా ఉంటారు.

ఇక ఇంట్లో వస్తువుల సంగతి చెబితే సిగ్గేస్తుంది. కొత్త చెప్పులు పాత పాదాలకే ఎక్కుతున్నాయి. కొత్త చీపురు పాత దుమ్మునే ఊడుస్తోంది. కొత్త కళ్ళజోడు పెట్టుకుంటే ఆ పాత మొగుడే కనిపిస్తున్నాడని మా ఆవిడ బాధ! అన్నట్టు, బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ పూర్తిగా ఉన్న యంత్రం లోకంలో ఒక్కటే ఉంది, అది మా ఆవిడ బుర్ర. పెళ్ళైన కొత్తలో నేనన్న ఓ మాట మొన్నటి గొడవలో ఒక్క గీత కూడా పడకుండా ప్లే అయింది. ఆ బాధ అనుభవించినవాణ్ణి కాబట్టే చెబుతున్నాను, యంత్రాలకు మతిమరుపు ఉండటం వరం.

ముందు ముందు ఇంకా బాగుంటుందట. అసలు బిళ్ళలే ఉండవట. ఆట ఎక్కడో గాలిలో ఉంటుంది, మనం ఇక్కడ కూర్చుని ఆడతాం, కంపెనీవాడికి విసుగొచ్చినరోజు అక్కడే స్విచ్ కట్టేస్తాడు. తుడిచే పని లేదు, దాచే పని లేదు, మనదేననుకునే పని అంతకన్నా లేదు. ఇంకొందరు కంపెనీ పెద్దలు మా పాత ఆటలకే రంగులు పూసి మళ్ళీ మాకే అమ్మాలని చూస్తున్నారని వినికిడి. మన అటక మీది సామాను మనకే అమ్మగలిగినవాణ్ణి తెలివైనవాడనకుండా ఏమంటాం?

ఇదంతా లోకకల్యాణం. ఇప్పుడు నా సొంత లాభం చెబుతాను.

మా అత్తగారు నాతో నేరుగా మాట్లాడరు. కోపమేం లేదు. అల్లుడికి ఎదురుపడి మాట్లాడకూడదన్నది ఆవిడ పెరిగిన పద్ధతి. నేను చెయ్యి చాపితే అందేంత దూరంలో కూర్చున్నా "అల్లుడుగారు కాఫీ తాగుతారేమో కనుక్కోవే" అని కూతురినే అడుగుతారు. నేను మాత్రం తక్కువ తిన్నానా? "ఇప్పుడొద్దని చెప్పు" అంటాను. మా మధ్య మా ఆవిడ పోస్టాఫీసు.

మోకాలి ఆపరేషన్ అయ్యాక ఆవిడ మా ఇంట్లోనే ఉండిపోయారు. కదలకుండా కూర్చోలేక విసుక్కుంటుంటే మా ఆవిడ ఓ రోజు పాత కన్సోల్ రిమోట్ చేతికిచ్చింది. టెన్నిస్ ఆట. ఒక జట్టులో మా ఆవిడ, ఆమెకు తోడు పెట్టెలోని బొమ్మ మనిషి. ఇంకో జట్టులో ముందు, వల దగ్గర నేనూ, నా వెనకాల మా అత్తగారూ. ఆవిడ ఆడేది ఒకే బొత్తంతో, ఒకే బొటనవేలితో. మిగతా బొత్తాలన్నీ అందానికి పెట్టారని ఆవిడ నమ్మకం. కానీ ఆ ఒక్క బొత్తం పడిందంటే బంతి తిరిగి రాదు!

ఆట మొదలైతే ఆవిడ మర్యాదంతా గాలికి పోయేది. "అదేమిటి అల్లుడుగారూ, కళ్ళు మూసుకున్నారా? కొట్టండి! నిద్రపోతున్నారా అక్కడ?" అని నన్నే, నేరుగా, వీధి చివరిదాకా వినిపించేలా కేకలేసేవారు. నేనూ పూనకం వచ్చినవాడిలా "అత్తయ్యగారూ, ఎడం పక్క! మీ ఎడం పక్క!" అని అరిచేవాణ్ణి. నేను వెనక్కి తిరిగి చూసుకుంటూ తడబడితే ఒకటే మాట: "మీరు ముందు చూసుకోండి. వెనకాల నేనున్నాను."

టీవీ కట్టేయగానే ఆవిడ గొంతు మామూలైపోయేది. "అల్లుడుగారిని భోజనానికి లేవమనవే."

ఇప్పుడు ఆ గోలంతా పోయింది. కొత్త పెట్టెలోనూ టెన్నిస్ ఉంది, లేకపోలేదు. ఆవిడ చేత ఆడిద్దామని కూర్చోబెట్టాం. ముందు పుట్టిన సంవత్సరం అడిగింది. ఆవిడ పుట్టిన ఏడు వచ్చేదాకా వెనక్కి తిప్పేసరికి నా బొటనవేలు వాచింది. తర్వాత ఏవో షరతులు చూపించి ఒప్పుకోమంది. "చదవకుండా ఎలా ఒప్పుకుంటామే? ఇల్లు రాసిమ్మంటున్నాడేమో!" అని ఆవిడ కళ్ళజోడు తెప్పించుకుని మొదటి లైను నుంచీ చదవడం మొదలెట్టారు. సగంలో ఉండగానే పెట్టె నిద్రపోయింది. లేపితే రిమోట్ తనంతట తానే ఆవిడ చేతిలో గజగజా వణికింది.

"దీనికి జ్వరమొచ్చినట్టుందే, పడుకోనివ్వు" అని మా అత్తగారు దాన్ని బల్ల మీద పెట్టేశారు. మళ్ళీ ముట్టుకోలేదు.

పోయిన వారం పోస్టాఫీసు ద్వారా కబురొచ్చింది. "కాలు కుదిరింది కదా, నీ చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతానని అల్లుడుగారికి చెప్పు. ఇక్కడ నాకేం పని?"

చూశారా కొత్త కన్సోల్ మహిమ! అత్తగారు ఊరెళుతుంటే సంబరపడని అల్లుడు ఉంటాడా? సోఫా నాది, టీవీ నాది. ఇన్నాళ్ళూ పొద్దున్నే పేపరు కూడా ఆవిడ చదివాకే నాకు దక్కేది. ఆవిడ వెనక పేజీ నుంచి మొదలెడతారు, వారం వారం నేను రాసే ఈ కాలమ్ ఆ పేజీలోనే ఉంటుంది. చదివి, మడిచి, కూతురి చేత తీర్పు పంపిస్తారు: "ఈ వారం చివర్లో తొందరపడ్డారని చెప్పు." ఎప్పుడూ అదే తీర్పు. చిక్కేమిటంటే, ఎప్పుడూ నిజమే.

మొన్న సాయంత్రం ఆవిడ గదిలోకి ఫ్యాను రెగ్యులేటర్ చూద్దామని వెళ్ళాను. సంచి సర్ది మంచం పక్కన పెట్టి ఉంది. బల్ల మీద మంచినీళ్ళ గ్లాసు, దాని మీద మూతగా మా టెన్నిస్ బిళ్ళ. ఒక్క మరక లేకుండా తళతళలాడుతోంది. నేను దానివైపు చూడటం ఆవిడ చూశారు.

"పారేయలేదని చెప్పు. దాచి ఉంచమను. ముందు ముందు దీన్ని తినే పెట్టె ఏదైనా వస్తుందేమో" అన్నారు.

"అలాగేనని చెప్పు" అన్నాను.

గదిలో మా ఆవిడ లేదు. బజారుకు వెళ్ళింది. ఇద్దరం గోడకు చెప్పుకున్నాం. గోడ ఎవరికీ ఏమీ చేరవేయలేదు. నేను బాగానే తిరుగుతున్న ఫ్యాను రెగ్యులేటర్‌ను ఓసారి తిప్పి బయటకు వచ్చేశాను.

మా ఆవిడ బజారు నుంచి రాగానే ఈ సంగతి చెబితే కూరల సంచీ కింద పెట్టి రెండు చేతులూ జోడించింది. "నా వల్ల కాదు బాబూ. ఇక మీ ఉత్తరాలు నేను మొయ్యను. ఏమైనా ఉంటే మీరూ మీరూ చెప్పుకోండి" అంది. పోస్టాఫీసు మూతపడింది.

కాబట్టి పాఠకులకు ఓ విన్నపం. మీ అటకల మీద మా పాత కన్సోల్‌లాంటిది చచ్చిపడి ఉంటే, అలాంటి వెనకబడ్డ వస్తువు ఇంట్లో ఉండటం మీకే పరువు తక్కువ. వెంటనే మా పత్రిక ఆఫీసుకు పంపించండి. దాన్ని ముక్కలు చేసే బాధ్యత నాది. అందులోని లెన్సు ఒక్కటి బాగుంటే చాలు, మా పాతదానికి వేసి లేపుతానని సందు చివర రిపేరు షాపతను అంటున్నాడు. నిన్న పనిగట్టుకుని వెళ్ళి కనుక్కొచ్చాను. ప్రగతికి అడ్డుపడే ఇలాంటి మనుషుల మీద ఓ కన్నేసి ఉంచాలి కదా!

ఇంకొక్క మాట, ఇది అందరికీ కాదు. ఈ పేపరు మా ఇంటికి పొద్దున్నే వస్తుంది. మా అత్తగారి బస్సు సాయంత్రం. ఎదురుగా నిలబడితే నాకు నోరు పెగలదు. రాయడం ఒక్కటే చేతనైన పని.

అత్తయ్యగారూ, సంచి విప్పేయండి. మీరు వెళ్ళడం నాకు ఇష్టం లేదు. పాత పెట్టె లేస్తుందో లేదో తెలియదు. లేవకపోయినా సాయంత్రం మీరు ఆ సోఫాలో కూర్చుని దేనికో ఒకదానికి నా మీద కేకలేయాలి. ముందు నేను చూసుకుంటాను, ఎలాగోలా. వెనకాల మాత్రం మీరుండాలి.

ఈ వారం కూడా చివర్లో తొందరపడ్డానంటారని తెలుసు. అనండి. మీ అమ్మాయితో కాదు, నాతో.